కుడివైపు జేబు

పోయినవారం క్లిక్కుని మెట్ల మీద వదిలేశాం. కార్మిక శాఖ ఆఫీసు మూడో అంతస్తుకి ఎక్కుతూ సగంలో ఆగిపోయింది, పైకి వెళ్ళాలో కిందికి పోవాలో తెలియక. లిఫ్టు ఉంది. దాని తలుపు మీద "మరమ్మతు జరుగుచున్నది" అని కాగితం కూడా ఉంది. ఆ కాగితం రంగు చూస్తే, మరమ్మతు చేసేవాడు ఈపాటికి పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, రిటైరైపోయి ఉంటాడు.

ఎక్కింది చివరికి. ఎక్కకపోతే బావ చెయ్యి గురించి మాట్లాడేవాళ్ళు లేరు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. క్లిక్కు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జిగురు బల్ల దగ్గర పనిచేస్తుంది. చేతిలో జిగురు బ్రష్షు లేనప్పుడు కెమెరా ఉంటుంది, అందుకే ఆ పేరు. ఎవరూ ఫొటో తియ్యని వాటిని తీస్తుంది. క్యాంటీన్‌లో కునికిపాట్లు, షిఫ్టు దిగాక చెప్పులు వెతుక్కునే కాళ్ళు, సెలవురోజు అందరూ వ్యాను మాట్లాడుకుని వెళ్ళిన కొండలు, వాగులు, ఆ వాగుల్లో ఒకరినొకరు తోసుకోవడాలు. దానివల్ల పైసా రాదు, ఎదురు ఖర్చు. తీసినవి అచ్చు వేయించి క్యాంటీన్ గోడకి అంటించేది. అన్నం తింటూ జనం తమ మొహాలు తామే చూసుకుని "ఛీ, నేనిలా ఉంటానా!" అనుకుంటుంటే ఆమెకి కడుపు నిండేది.

బావ అదే ఫ్యాక్టరీలో కటింగ్ ప్రెస్సు నడిపేవాడు. ఎవరికి బావ అంటే అందరికీ బావే. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "బావా, నీ డబ్బా మర్చిపోయావు" అని అరుస్తాడు. ఆ ప్రెస్సు కింద బావ కుడిచెయ్యి పడింది. మూడు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఆపరేషన్ చేస్తే ముడుచుకోవచ్చు, ఆలస్యం చేస్తే మాత్రం ఇంక అంతే సంగతులన్నారు ఆసుపత్రిలో. చేయించాల్సింది కంపెనీ. వేళ్ళు బాగానే ఉన్నాయి, నటిస్తున్నాడు అంటోంది కంపెనీ. అని ఊరుకుందా, ఉద్యోగం కూడా పీకేసింది. రుజువేంటయ్యా అంటే ఒక ఫొటో ఉందంది. క్యాంటీన్ గోడ మీది ఫొటోలన్నీ మేనేజరు ఒక్కరోజులో పీకించేశాడు, వాటిల్లోదే ఆ ఫొటో. తను సరదాకి తీసిన ఫొటో బావ మెడకి ఉరితాడయిందని క్లిక్కుకి తెలిసింది పోయినవారమే. ఏ ఫొటోనో మాత్రం తెలీదు.

ఇదీ కథ. ఇక లోపలికి పదండి.

గదిలో పొడుగాటి బల్ల. కిటికీ ఒకటే. వెలుతురు ఎడమపక్కనుంచి పడి బల్ల సగం తెల్లగా, సగం మట్టిరంగులో ఉంది. క్లిక్కు మొదట చూసింది దాన్నే. ఇలాంటి వెలుతురులో మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీస్తే మొహం మీద గీతలన్నీ లెక్కపెట్టొచ్చు అనుకుంది. అనుకుని, సిగ్గుపడాలేమో అనుకుంది. సిగ్గు రాలేదు. భయమూ రాలేదు. బావ చెయ్యి పోయిన రోజునుంచీ ఇంతే. పన్ను పీకేముందు సూదేస్తే బుగ్గ ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉంది. గిల్లితే గిల్లారని తెలుస్తుంది, నొప్పి తెలీదు. ఆ రోజు అందరూ ఏడ్చారు. ఈమె మాత్రం నేలమీద పడిన అట్టముక్కలు ఏరి, కుప్పచేసి, తుడిచి, చేతులు కడుక్కుని ఇంటికెళ్ళి పడుకుంది. గోడ మీది ఫొటోలు పీకించేశాక కెమెరా కూడా ముట్టుకోలేదు.

బల్లకి ఆ చివర అధికారిణి. మెడనొప్పికి వేసుకునే పట్టీ, ముక్కు చివర కళ్ళజోడు, పక్కన ముసలి కంప్యూటరు. ఒకవైపు మేనేజరు, ఇస్త్రీ చొక్కా. ఎదురుగా బావ, ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు కింద కుడిచెయ్యి. అతని పక్కన మైకు. మైకు అంటే యూనియన్ సెక్రటరీ, ఆయనకి మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరొచ్చింది. గోడవారగా బెంచీ మీద బావ భార్య, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు ముందుకి వంగి కూర్చుంది. అందరికీ అతను బావ కాబట్టి అందరికీ ఆవిడ అక్క.

"రావే," అన్నాడు బావ. "నీకోసమే ఆగాం. నీ కళాఖండం చూద్దువుగాని."

నవ్వుతూనే అన్నాడు. నవ్వు మొహం మీదే ఉంది, కిందికి దిగలేదు.

మేనేజరు ఫొటో తీసి బల్లమీద తెల్లగా ఉన్న సగంలో పెట్టాడు.

"ఇది నువ్వే తీశావా?"

క్లిక్కు చూసింది. వాగు ఒడ్డు. దెబ్బ తగిలాక బావ మంచం దిగడం లేదని, అందరూ కలిసి బలవంతంగా వ్యానెక్కించి తీసుకెళ్ళిన రోజు. ఫొటోలో బావ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒంటిచేత్తో తలమీదికి ఎత్తి, రెండోచెయ్యి వీపు వెనక దాచుకుని, పహిల్వాన్‌లా పళ్ళికిలించి నిలబడ్డాడు.

"నేనే తీశాను."

"ఏ చేత్తో ఎత్తాడు? గట్టిగా చెప్పు, మేడమ్‌గారు వినాలి."

"కుడి... కుడిచేత్తో ఉంది."

"అదండీ." మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మూడు వేళ్ళు ముడుచుకోని మనిషి, ఇరవై లీటర్ల క్యాను. నేనింకేం చెప్పను?"

"ఖాళీ క్యాను సార్ అది!" బావ గొంతు లేచింది. "నీళ్ళన్నీ వీళ్ళే తాగేశారు. పైగా నేను ఎత్తింది ఎడమచేత్తో. పొద్దుట్నుంచి మొత్తుకుంటున్నాను."

"ఖాళీదైనా పట్టుకోవాలంటే వేళ్ళు ముడవాలిగా? ఎడమచెయ్యంటావు, ఇక్కడ కుడిచెయ్యి కనిపిస్తోంది. ఫొటో అబద్ధం చెబుతోందా, నువ్వు చెబుతున్నావా?"

బావ ఫొటో వంక చూశాడు. తువ్వాలు తీసి తన చేతుల వంక చూసుకున్నాడు. మళ్ళీ ఫొటో వంక. "ఎడమచేత్తోనే ఎత్తాను," అన్నాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. పాపం, పదిమంది కలిసి నీ పేరు అది కాదంటే, మనిషి తన పేరు తనే ఒకసారి గొణుక్కుని చూసుకుంటాడు చూడండి, అలా.

"ఏమే, నువ్వైనా చెప్పవే. నువ్వే కదా తీశావు."

క్లిక్కు బావ చేతులు చూడటం లేదు, చొక్కా చూస్తోంది. చొక్కా మీద జేబు. ఫొటోలో ఆ జేబు కుడివైపుంది.

మగవాళ్ళ చొక్కాకి జేబు కుడివైపు ఎవడు కుడతాడు?

అప్పుడు గుర్తొచ్చింది, తన చేత్తో తను చేసిన పని. గోడ మీద ఫొటోలు అంటించడానికి ఆమెకో పద్ధతి ఉండేది. ఎవరూ ఆమెకి నేర్పలేదు, తనే పెట్టుకుంది. గోడ చివర ఉన్న మనిషి గోడ బయటికి చూడకూడదు. చూస్తే ఆ మనిషి మిగతావాళ్ళతో అలిగినట్టుంటుంది. బావ ఫొటోకి దక్కిన చోటు కుడిచివర, చేతులు కడుక్కునే తొట్టి పక్కన. తీసినప్పుడు బావ కుడివైపు చూస్తున్నాడు. అలాగే అంటిస్తే అందరికీ వీపు పెట్టి తొట్టిలోకి చూస్తున్నట్టుంటాడు. ఇప్పటికే మంచం దిగడం లేదు, గోడ మీద కూడా ఒంటరిగా ఎందుకు ఉండాలి అని, అచ్చు వేయించేముందు బొమ్మని అటుదిటు తిప్పేసింది. అద్దంలో చూసినట్టు. అప్పుడు బావ తన జట్టు వైపు చూస్తున్నాడు. ఆ తిప్పడంలో ఎడమచెయ్యి కుడిచెయ్యయింది. గోడ అందంగా వచ్చింది. ఎవరికీ తెలీలేదు.

"మేడమ్, కొంచెం నీళ్ళు తాగొస్తాను."

"వెళ్ళండి. త్వరగా రండి."

వరండాలో నీళ్ళ కుళాయి దగ్గరికి మైకు వెనకే వచ్చాడు. మొహం చూసి ఏదో పసిగట్టాడు. ముప్పై ఏళ్ళు మేనేజర్ల మొహాలు చదివినవాడికి జిగురు బల్ల మనిషి మొహం ఎంత?

"ఏంటి? ఏమైంది? చెప్పు."

చెప్పింది. మైకు విన్నాడు. గోడ, తొట్టి, తిప్పడం, జేబు. విని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అంటే బావ చెప్పేది నిజమే."

"నిజమే."

"నువ్వు తిప్పావు."

"తిప్పాను."

"ఎందుకమ్మా?" మైకు గుసగుసలాడదామనుకున్నాడు గానీ ఆ విద్య ఆయనకి రాదు. వరండా చివర బంట్రోతు తలెత్తి చూశాడు. "గోడకి అందమా? బావకి అందం లేక ఏడుస్తున్నామా మనం? సరే, విను. ఆ మాట లోపల అనకు."

"అనకపోతే బావ దొంగవుతాడు."

"అంటే మనం పెట్టిన రెండో ఫొటో చస్తుంది! అదీ నువ్వు తీసిందే కదా? మనకున్న ఒకే ఒక్క రుజువు అది. ప్రెస్సుకి జాలీ తలుపు ఎత్తి కట్టేశారని, కంపెనీకి తెలిసే అలా నడిపించిందని చెప్పే కాగితం ముక్క అదొక్కటే. ఇది తిప్పానన్నావనుకో, వాడు అది కూడా తిప్పావంటాడు. ఇది తిప్పిన చెయ్యి దాన్నేం చేసిందో అంటాడు. నేనైనా అదే అంటాను."

"మరి బావ చెయ్యో?"

"డాక్టరు చీటీలున్నాయి. వాటితో కొట్లాడతాను. నువ్వు లోపలికొచ్చి, గుర్తులేదు అను చాలు. గుర్తులేదన్నవాళ్ళని ఇంతవరకూ ఎవరూ ఉరి తియ్యలేదు."

ఆయన చెప్పింది తప్పు కాదు. అదే చిక్కు. క్లిక్కు కుళాయి కట్టేసింది. ఏది ఒప్పో తేల్చుకోవాలంటే లోపల ఏదో ఒకటి అటో ఇటో లాగాలి కదా. ఏదీ లాగలేదు. బావ ఫొటో వంక చూసి తన చేతుల వంక చూసుకున్న ఆ చూపు మాత్రం కళ్ళముందే ఉంది, తియ్యని ఫొటోలాగా.

లోపలికి వెళ్ళి కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది.

"మేడమ్, ఆ ఫొటో నేను తిప్పి అచ్చు వేయించాను. అద్దంలో బొమ్మ అది. బావ ఎత్తింది ఎడమచేత్తోనే. జేబు చూడండి."

మైకు కళ్ళు మూసుకున్నాడు.

"జేబేంటి?" అంది అధికారిణి.

"చొక్కా జేబు. ఎటువైపుందో చూడండి."

అధికారిణి ఫొటో కళ్ళజోడు దాకా తెచ్చుకుంది. తర్వాత మేనేజరు చొక్కా వంక చూసింది. మేనేజరు చెయ్యి తనకి తెలీకుండానే గుండెమీదికి, ఎడమవైపు జేబుమీదికి పోయింది. మైకు చెయ్యీ పోయింది. తలుపు దగ్గర బంట్రోతు కూడా తడుముకున్నాడు. ఆ గదిలో మగవాళ్ళంతా ఒక్కసారి ఎడమ రొమ్ము మీద చెయ్యేసుకుని ప్రమాణం చేస్తున్నట్టు కనబడ్డారు.

"చూశారా!" బావ బల్ల మీద ఒక్కటేశాడు, ఎడమచేత్తో. "పొద్దుట్నుంచి చెప్పట్లా? అమ్మ క్లిక్కూ, నన్ను నాకే పిచ్చోణ్ణి చేశావు కదే! ఇందాక నిజంగానే అనుకున్నాను, కుడిచేత్తో ఎత్తానేమో, మర్చిపోయానేమో అని."

మేనేజరు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అలాంటివాళ్ళకి పట్టదు.

"మంచిది మేడమ్. ఒప్పుకుంటాను. ఈ ఫొటో చెల్లదు. ఎందుకంటే ఇది తీసినావిడ ఫొటోలు మార్చే మనిషి. ఆవిడ నోటితోనే చెప్పింది." యూనియన్ పెట్టిన రెండో ఫొటోని వేలితో ముందుకి తోశాడు. "మరి ఇందులో ఏం మార్చింది? ఇదెలా చెల్లుతుంది?"

జిగురు బల్ల దగ్గర ఒకామె పుట్టినరోజని ఫ్యాక్టరీలో కేకు కోసిన రోజు తీసింది అది. ముందు ఆమె, ముక్కుమీద క్రీము. వెనక ప్రెస్సు. ప్రెస్సుకి పసుపురంగు జాలీ తలుపు ఉంటుంది, చేతులు లోపలికి పోకుండా. అది మూసి ఉంటేనే మిషను కదలాలి. ఫొటోలో ఆ తలుపు పైకెత్తి, ప్లాస్టిక్ తాడుతో రేకుల కప్పు దూలానికి కట్టేసి ఉంది. జాలీ ఎప్పుడూ మూసే ఉండేది, బావే పక్కనుంచి చెయ్యి దూర్చాడని కంపెనీ మాట. ఆ మాటని అబద్ధం చేసేది ఈ ఫొటో ఒక్కటే.

అధికారిణి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుంది.

"కెమెరాలో అసలువి ఉంటాయి కదా? రెండూ కావాలి నాకు. అచ్చు వేసినవి కాదు, కార్డు తేవాలి. అందులో నంబర్లు వరుసగా ఉంటాయి, మధ్యలో ఒకటి తీసేసినా తెలిసిపోతుంది. మా అబ్బాయి ఏనుగు నుంచి చీమదాకా తీస్తుంటాడు, నాకు తెలుసు. కార్డు తెస్తే ఇవాళే తేల్చేస్తాను. రెండు ఫొటోలూ చెల్లుతాయో లేదో."

మైకు కళ్ళు తెరిచాడు. ప్రాణం లేచొచ్చినట్టుంది. "తెస్తుంది మేడమ్! ఎందుకు తేదు?"

క్లిక్కుకి అప్పుడు గుర్తొచ్చింది రెండో ఫొటో పూర్తిగా ఎలా ఉంటుందో.

అచ్చులో ఉన్నది సగమే. ఎడమపక్క సగం కోసేసింది. బావే కొయ్యమన్నాడు. అసలు ఫొటోలో ఎడమపక్క స్టూలు మీద బావ ఉన్నాడు, రెండు చేతులూ పైకెత్తి. చేతులెత్తితే చొక్కా లేచి బొజ్జ మొత్తం బయటపడింది. "గోడ మీద పెడితే పెట్టుకో గానీ నా బొజ్జ కొయ్యవే, ఆడోళ్ళు అన్నం తినరు," అని బతిమాలాడు. పడీ పడీ నవ్వి కోసేసింది.

చేతులు పైకెత్తి బావ చేస్తున్న పని, ఆ తాడు ముడెయ్యడం.

ఎవరు కడతారు మరి, మిషను అతనిదైనప్పుడు? జాలీ దించి పనిచేస్తే ప్రతి అట్టకీ తెరవాలి, మూయాలి. సాయంత్రానికి ఇన్ని అట్టలన్న లెక్క రాదు. లెక్క రాకపోతే లైను మొత్తానికి తిట్లు. "బావా, కట్టెయ్ బావా" అని లైనంతా అనేది. క్లిక్కు కూడా అంది. మేనేజరు రోజూ పొద్దున్నే వచ్చి, తల పైకెత్తి తాడు చూసి, తల దించి, "ఇవాళ లెక్క వస్తుందా?" అని మాత్రం అడిగేవాడు. కట్టమని ఒక్కనాడూ అనలేదు. వాళ్ళెప్పుడూ అనరు. చెప్పని ఆర్డరుకి సాక్ష్యం ఉండదు, వేసిన ముడికి ఉంటుంది. రక్షణ తలుపు తన చేత్తో తీసినవాడిదే బాధ్యత అని గేటు దగ్గర బోర్డే రాయించారు. ఆ ముడితో కంపెనీ బావని కట్టేస్తుంది, ఆపరేషనూ లేదు, ఉద్యోగమూ లేదు.

కార్డు తెస్తే బావ నటించలేదని తేలుతుంది. అదే కార్డు తెస్తే బావే కట్టాడని తేలుతుంది.

"కార్డు..." అంది క్లిక్కు. తన గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టు వినబడింది. "కార్డు పాడైపోయింది మేడమ్. చాలారోజులైంది. పారేశాను."

"అదేంటే!"

వెనక బెంచీ మీదనుంచి అక్క లేచింది. ఇందాకట్నుంచీ ఒక్క మాట మాట్లాడని మనిషి.

"పారెయ్యడమేంటి? నిన్న నాకిచ్చావు కదే! మర్చిపోయావా?" చేతిసంచి తెరిచి వెతకడం మొదలుపెట్టింది. తాళాలు, మందుల చీటీ, దువ్వెన, ఒక్కొక్కటీ బెంచీ మీద పెడుతోంది. "మేడమ్, ఈయన చెయ్యి బాగున్నప్పటి ఫొటోలు కావాలని నేనే అడిగానండి. ఆ చెయ్యి కనబడేవి ఏరి అచ్చు వేయించుకుందామని. ఇవాళ పనయ్యాక స్టూడియోకి పోదామనుకున్నాం. పాపం దీనికి బుర్ర పనిచెయ్యట్లేదు ఈమధ్య, అన్నీ మర్చిపోతోంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు." చిన్న ప్లాస్టిక్ డబ్బీ దొరికింది. "ఇదుగోండి!"

"అక్కా," అంది క్లిక్కు.

"ఏంటే?"

ఏం చెబుతుంది? నిన్న డబ్బీ తనే ఇచ్చిన సంగతి నిజంగానే మర్చిపోయింది. అక్క మొహం వెలిగిపోతోంది. ఇన్ని నెలల్లో మొదటిసారి మొగుడికి పనికొచ్చే వస్తువు తన సంచిలో దొరికింది. అక్క నడిచింది. బెంచీకి, బల్లకి మధ్య ఎంత దూరం ఉంటుంది? చెయ్యి చాపితే ఆపొచ్చు. క్లిక్కు చెయ్యి లేవలేదు. అక్క తన పక్కనుంచే వెళ్ళి డబ్బీ అధికారిణి అరచేతిలో పెట్టేసింది.

కంప్యూటరు మూలిగి, ఆలోచించి, కార్డుని గుర్తుపట్టింది. తెరనిండా తపాలాబిళ్ళలంత ఫొటోలు. అధికారిణి మెల్లగా కిందికి జరుపుతుంటే అందరి బతుకులూ తెరమీద పైకి పోతున్నాయి. వాగు దగ్గర ఆగింది. నొక్కింది.

బావ. ఎడమచేత్తో క్యాను. ఎడమవైపు జేబు. కుడిచెయ్యి వీపు వెనక, ఎవరికీ కనబడకుండా. మొహం కుడివైపుకి, ఎవరూ లేనివైపుకి తిరిగి ఉంది.

అధికారిణి కాగితం మీద ఏదో రాసుకుంది. "నటన అన్న ఆరోపణకి ఈ ఫొటో ఆధారం కాదు. చెయ్యి సంగతి డాక్టర్ల రిపోర్టు ప్రకారమే చూస్తాం. సరేనా?" మేనేజరు వంక చూసింది. మేనేజరు తన జేబులో పెన్ను సర్దుకున్నాడు.

అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. మైకు తొడ చరిచాడు, ఆ శబ్దానికి బంట్రోతు ఉలిక్కిపడ్డాడు. బావ కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి క్లిక్కు నెత్తిమీద ఎడమచేత్తో ఒక్క మొట్టికాయ వేశాడు. "కార్డు పారేసిందంట! నిన్ను పారెయ్యాలి ముందు." పాత బావ. క్యాంటీన్‌లో అందరి డబ్బాల్లో చెయ్యిపెట్టే బావ.

క్లిక్కు తల మీద దెబ్బ తగిలిన చోటు తెలిసింది. అంతే తెలిసింది.

"ఇక రెండోది," అంది అధికారిణి. "పుట్టినరోజుది. ఎక్కడుంటుందమ్మా? ముందా, వెనకా?"

క్లిక్కు కిటికీ వంక చూసింది.

"నే చూపిస్తా ఉండండి మేడమ్," బావ అధికారిణి కుర్చీ వెనక్కి చేరి తెరమీదికి వంగాడు. సంతోషంతో చిన్నపిల్లాడైపోయాడు. "కిందికి... ఇంకా కిందికి... ఆఁ, అదుగో కేకు! కానీ ముందే చెబుతున్నానండీ, నా బొజ్జ చూసి మీరు నవ్వకూడదు. అందుకే కదా దాన్ని కొయ్యమని దీని ప్రాణం తీశాను!"

అధికారిణి చెయ్యి ఆగింది. బల్లమీది అచ్చు ఫొటో తీసుకుని చూసింది. కేకు, ముక్కుమీద క్రీము, జాలీ, తాడు.

"ఇందులో మీరు లేరే?"

"లేనండి. కోసేసింది కదా. నేను ఆ పక్కన స్టూలు మీద..."

మాట అక్కడ ఆగిపోయింది. నవ్వు మాత్రం ఇంకా మొహం మీదే ఉండిపోయింది, దిగడం మర్చిపోయినట్టు. మెల్లగా తల తిప్పి క్లిక్కు వంక చూశాడు. కార్డు పాడైందని ఆమె ఎందుకందో ఇప్పుడు అతనికి అర్థమైంది.

మేనేజరు పొద్దుట్నుంచి మొదటిసారి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"స్టూలెక్కి ఏం చేస్తున్నావు?" అన్నాడు, చాలా మెత్తగా.

అధికారిణి జవాబు కోసం ఆగలేదు. కేకు బొమ్మ మీద నొక్కింది. ముసలి కంప్యూటరు ఫొటోని ఒక్కసారిగా చూపించదు. పైనుంచి కిందికి, పట్టీలు పట్టీలుగా తెరుస్తుంది. ముందు రేకుల కప్పు వచ్చింది. తర్వాత దూలం, దాని మీదనుంచి తాడు. ఆ తర్వాత, తాడుకి ముడేస్తూ, రెండు చేతులు. పది వేళ్ళూ చక్కగా ముడుచుకున్న చేతులు.

మొహం ఇంకా రాలేదు.